చీమకుర్తి నల్లరాయి నుంచి గూడూరు అభ్రకం దాకా: రాతి రసాయనం, రాతి వయసు చదివే పద్ధతి

"ఈ రాయి వయసెంత?" అని అడిగితే భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు వెంటనే అంకె చెప్పరు. ఏ వయసు కావాలని తిరిగి అడుగుతారు. కరిగిన ద్రవం గడ్డకట్టి రాయైన నాటి వయసా? తరవాతెప్పుడో మళ్లీ వేడెక్కి రూపు మారిన నాటిదా? చివరిసారి చల్లారిన నాటిదా? ప్రకాశం జిల్లా పొలిమేర దాటగానే కనబడే వినుకొండ గ్రానైట్‌నే తీసుకోండి. అది గడ్డకట్టి సుమారు 159 కోట్ల సంవత్సరాలైంది. అదే రాతిలోని నల్ల అభ్రకాన్ని, అంటే బయొటైట్‌ను కొలిస్తే దాదాపు 50 కోట్ల సంవత్సరాలు వస్తుంది. రెండు అంకెలూ నిజమే. ఒకటి రాయి పుట్టుకది, రెండోది చాలా కాలం తరవాత ఆ నేల మరోసారి నలిగి, వేడెక్కి, చల్లారిన రోజులది.

ఈ తేడా మనసులో ఉంటే మిగతా పద్ధతంతా దానంతటదే దారిలో పడుతుంది. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉంటూ భూగర్భ శాస్త్రం చదువుతున్నవాళ్లకు, ప్రాజెక్టు చేయాల్సిన ఎమ్మెస్సీ విద్యార్థులకు, ఊరి కొండ చరిత్ర తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు పనికొచ్చేలా, మొదటినుంచి చివరిదాకా ఏం చేయాలో రాస్తున్నాను.

1. సుత్తి కంటే ముందు ప్రశ్న

నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. "నెల్లూరు జిల్లా భూగర్భ చరిత్ర" అనేది ప్రశ్న కాదు. "సైదాపురం అభ్రకపు పెగ్మటైట్లు, చుట్టుపక్కల గ్రానైట్ ఒకే కాలానివా?" అనేది ప్రశ్న. (పెగ్మటైట్ అంటే చాలా పెద్ద స్ఫటికాలతో గడ్డకట్టిన, గ్రానైట్ తరహా రాయి.) "కనిగిరి గ్రానైట్ ఎలాంటి పరిస్థితుల్లో పుట్టింది?" అనేది కూడా ప్రశ్నే. మొదటిదానికి వయసు కావాలి, రెండోదానికి ముందుగా రసాయనం కావాలి. ఏ రాయి తేవాలి, ఎంత తేవాలి, ఏ ఖనిజం ఏరాలి, ఏ యంత్రం దగ్గరికి పంపాలి అన్నవన్నీ ఈ వాక్యమే తేలుస్తుంది. ప్రశ్న లేకుండా యాభై సంచులు నింపుకొచ్చినా అవి గది మూలన పడి ఉంటాయి.

2. మ్యాపు, అనుమతులు

భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్‌ఐ) వారి 'భూకోశ్' పోర్టల్‌లో 1:50,000 స్కేలు భూగర్భ పటాలు ఉచితంగా దొరుకుతాయి. మీ తాలూకా పటం దించుకుని రంగులు, సరిహద్దులు ముందే చూసుకోండి.

మన ప్రాంతపు రూపురేఖలు స్థూలంగా ఇవీ. పడమట వెలిగొండలు, నల్లమల. అవి కడప బేసిన్‌కు చెందిన అవక్షేప శిలలు. మార్కాపురం పలకల రాయి వీటిలోదే. వాటికి తూర్పున గూడూరు వైపు నుంచి ఉత్తరంగా సాగిపోయే నెల్లూరు షిస్టు (పొరలుగా చీలే, రూపుమారిన శిల) పట్టీ. అందులో ఒకప్పటి లావా రూపుమారిన నల్లటి యాంఫిబోలైట్లు ఎక్కువున్న భాగాన్ని వింజమూరు గ్రూపు అంటారు, మట్టి, ఇసుక గట్టిపడి రూపుమారిన శిలలు ఎక్కువున్న భాగాన్ని ఉదయగిరి గ్రూపు అంటారు. ఒంగోలు చుట్టూ చార్నొకైట్లు, గ్రాన్యులైట్లు, అంటే లోతులో తీవ్రమైన వేడికి రూపుమారిన శిలలు. వీటి మధ్య అక్కడక్కడా చొచ్చుకొచ్చినవి చీమకుర్తి గాబ్రో (లోతులో గడ్డకట్టిన ముదురు రంగు రాయి), ఉప్పలపాడు, పురిమెట్ల, ఏల్చూరు దగ్గరి ఆల్కలీ (సోడియం, పొటాషియం ఎక్కువున్న) శిలలు, కనిగిరి, పొదిలి గ్రానైట్లు. తూర్పు అంచున సముద్రం పేర్చిన ఇసుక.

క్వారీలోకి వెళ్లాలంటే యజమాని అనుమతి, వెలిగొండల రిజర్వు అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. పేలుళ్లు ఏ వేళల్లో ఉంటాయో మేస్త్రీని అడిగి తెలుసుకోండి. వదిలేసిన అభ్రకపు గనుల్లోకి మాత్రం దిగొద్దు. నీళ్లు నిండి, అంచులు వదులైపోయి ఉంటాయి. గని పైన పోసిన కుప్పల్లోనే కావలసినంత అభ్రకం, ఫెల్స్‌పార్, పలుగురాయి దొరుకుతాయి.

3. రాయి దగ్గర

కావలసినవి: భూగర్భ సుత్తి, ఉలి, 10 రెట్ల భూతద్దం, దిక్సూచి, జీపీఎస్ ఉన్న ఫోను, చెరగని మార్కర్, గుడ్డ సంచులు, కళ్లద్దాలు.

చీమకుర్తి క్వారీలో ఒక పని చేయండి. అప్పుడే కోసిన గెలాక్సీ (ఈ నల్లరాతి వ్యాపార పేరు) దిమ్మెను తడిపి భూతద్దం పెట్టి చూడండి. నల్లటి నేల మీద రాగి బంగారు రంగు చుక్కలు కనిపిస్తాయి. తల కొద్దిగా పక్కకు జరిపితే మెరిసే చుక్క ఆరిపోతుంది, దాని పక్కది వెలుగుతుంది. ఆ మెరుపు బంగారానిదీ కాదు, అభ్రకానిదీ కాదు. అది బ్రాంజైట్, అంటే పైరాక్సీన్ జాతి ఖనిజం. దాని లోపల ఒకే దిశలో పరుచుకున్న అతి పలుచని లోహ ఆక్సైడ్ రేకులు వెలుతురును ఒక కోణంలోనే తిప్పికొడతాయి. చుట్టూ ఉన్న పొడవాటి పలకల్లాంటి స్ఫటికాలు ప్లాజియోక్లేజ్ ఫెల్స్‌పార్. వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా ఇందులో గ్రానైట్‌కు ఉండాల్సిన పలుగురాయి లేదు. ఇది గాబ్రో-నోరైట్. భూతద్దంతో గమనించిన ఈ రెండు ఖనిజాలే తరవాత రసాయన ఫలితాల్లో మళ్లీ కనబడతాయి కాబట్టి అక్కడికక్కడే రాసుకోండి.

నమూనా తీసేటప్పుడు చూడాల్సినవి:

తుప్పు రంగు పొర ఉన్న ముక్క వద్దు. మన ఎండలకు, వానలకు రాతి పైభాగంలోంచి సోడియం, కాల్షియం కొట్టుకుపోతాయి. ఆ ముక్కను కొలిస్తే తెలిసేది వాన చేసిన పని గురించే.

సన్న గింజల రాయైతే రసాయనానికి రెండు కిలోలు చాలు. గింజలు పెద్దవయ్యేకొద్దీ బరువు పెంచాలి. జిర్కాన్ (వయసు కొలవడానికి వాడే చిన్న, గట్టి ఖనిజం) కోసం గ్రానైట్ అయితే ఐదు నుంచి పది కిలోలు తెచ్చుకోండి. పెగ్మటైట్‌లో ఒక్క ఫెల్స్‌పార్ స్ఫటికమే మనిషంత ఉండొచ్చు కాబట్టి దానికి "మొత్తం రాతి" రసాయనం అనే మాటే అతకదు. అక్కడ విడి ఖనిజాలను తీసుకోవాలి.

ఏ రాయి ఏ రాతిని కోసుకుంటూ పోయిందో బొమ్మ గీయండి. షిస్టును పెగ్మటైట్ అడ్డంగా కోస్తే వయసులో పెగ్మటైట్ చిన్నది. ఎంత ఖరీదైన యంత్రం ఇచ్చిన వయసైనా ఈ గీతకు విరుద్ధంగా ఉంటే ముందు అంకెనే అనుమానించాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను. కొండ మీద కళ్లకు కనబడిన వరస ప్రయోగశాల కంటే పెద్ద సాక్ష్యం.

కుప్పలో దొరికిన దిమ్మె ఏ లోతు నుంచి, ఏ మెట్టు నుంచి వచ్చిందో తెలియకపోతే దాన్ని వయసుకు వాడొద్దు. క్వారీలు రోజూ లోతు మారుతుంటాయి. ఈరోజు కనిపించిన సరిహద్దు వచ్చే ఏడాదికి ఉండదు. అందుకే మీకు ఆ క్షణంలో అక్కర్లేనివి అనిపించినా ఫోటోలు తీసి, కొలతలతో దాచండి. ఒకసారి కోసి లారీ ఎక్కించిన సాక్ష్యం మళ్లీ దొరకదు.

4. పొడి చేయడం

నమూనాలో సగం ఎప్పుడూ పక్కన దాచండి. మిగతాది కడిగి, ఆరబెట్టి, ముక్కలు చేసి, పిండిలా నూరాలి. దేనితో నూరుతున్నారో చూసుకోండి. ఉక్కు గిన్నె ఇనుము, క్రోమియం అంటిస్తుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నె టంగ్‌స్టన్, కోబాల్ట్‌తోపాటు టాంటలం కూడా కలిపేస్తుంది. మీ ప్రశ్న టాంటలం మీదే ఆధారపడితే ఆ ఫలితం పనికిరాదు. అగేట్ గిన్నె నెమ్మదైనా నమ్మకమైనది. ఒక నమూనాకూ మరోదానికీ మధ్య శుభ్రమైన పలుగురాయి ఒకసారి నూరి పారేయాలి.

5. రసాయనాన్ని చదవడం

సిలికా, అల్యూమినా, ఇనుము, సున్నం వంటి ప్రధాన ఆక్సైడ్లకు ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-కిరణాలతో కొలిచే యంత్రం), లక్షో వంతు, కోటో వంతు లెక్కలో ఉండే సూక్ష్మ మూలకాలకు ఐసీపీ-ఎంఎస్ (పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కించే యంత్రం). హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో ఈ రెండూ ఉన్నాయి. మీ ఆచార్యుల ద్వారా, సంస్థ నియమాల ప్రకారం నమూనాలు పంపొచ్చు. ఫలితాలతోపాటు ప్రామాణిక నమూనాల ఫలితాలు కూడా అడిగి తీసుకోండి. తెలిసిన రాతికి యంత్రం సరైన అంకె ఇచ్చిందో లేదో చూశాకే తెలియని రాతికి ఇచ్చిన అంకెను నమ్మాలి.

మొదట సిలికా చూడండి. 45 నుంచి 52 శాతం మధ్య ఉంటే గాబ్రో, బసాల్ట్ తరహా. 63 దాటితే గ్రానైట్ తరహా. తరవాత సోడియం, పొటాషియం ఆక్సైడ్ల మొత్తం. ఈ రెండూ ఎక్కువై, వాటికి సరిపడా సిలికా లేకపోతే పలుగురాయి బదులు నెఫెలిన్ అనే ఖనిజం పుడుతుంది. ఉప్పలపాడు, ఏల్చూరు నెఫెలిన్ సైనైట్లు ఇలాంటివే. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆచార్యులు సి. లీలానందం 1980లలో ఈ శిలలన్నిటినీ ఒకే కుటుంబంగా చూపి 'ప్రకాశం ఆల్కలీ ప్రావిన్స్' అని పేరుపెట్టారు.

అసలు కథ సూక్ష్మ మూలకాల్లో ఉంటుంది. రాయి తరవాతి కాలంలో రూపుమారితే సోడియం, పొటాషియం, రుబీడియం, స్ట్రాన్షియం అటూ ఇటూ కదిలిపోతాయి. టైటానియం, జిర్కోనియం, నియోబియం, ఇట్రియం అంత తేలిగ్గా కదలవు. నెల్లూరు షిస్టు పట్టీలోని యాంఫిబోలైట్ ఒకప్పటి లావా అయినా ఇప్పుడు పూర్తిగా కొత్త ఖనిజాలతో ఉంది కాబట్టి దాని పుట్టుక గురించి కదలని మూలకాలనే అడగాలి.

సూక్ష్మ మూలకాలను వరసగా పెట్టి గీసిన గ్రాఫు మీద నియోబియం, టాంటలం దగ్గర గుంట పడిందంటే, సముద్రపు పలక మరో పలక కిందికి దిగినచోట పుట్టిన ద్రవమై ఉండొచ్చు. దిగుతున్న పలక నుంచి పైకి లేచే నీరు బేరియం, రుబీడియంలను మోసుకొస్తుంది, నియోబియాన్ని వెనకే వదిలేస్తుంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా కండ్ర దగ్గరి గాబ్రోలు, డైకులు (పగుళ్లలో గోడల్లా గడ్డకట్టినవి), బసాల్టులు ప్రాచీన సముద్రగర్భపు ముక్క అని పరిశోధకులు వాదించడానికి ఇలాంటి రసాయన గుర్తులే ఆధారం. వాటి వయసు సుమారు 185 కోట్ల సంవత్సరాలు. కానీ జాగ్రత్త! మామూలు బసాల్ట్ ద్రవం పైకొస్తూ దారిలో ఖండపు రాతిని కరిగించుకున్నా అదే గుంట పడుతుంది. ఆ అనుమానం తీరాలంటే నియోడిమియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కూడా కొలవాలి.

యూరోపియం ఒక్కదాని మీద కాసేపు ఆగాలి. అరుదైన మృత్తిక మూలకాల్లో చాలావరకు మూడు ధనావేశాలతో ఉంటే, యూరోపియం ఆక్సిజన్ తక్కువైనచోట రెండుతో ఉండి కాల్షియం స్థానంలో ఇముడుతుంది. కాల్షియం ఉండేది ప్లాజియోక్లేజ్‌లో. అందుకే ప్లాజియోక్లేజ్ స్ఫటికాలు పోగుపడిన శిలలో యూరోపియం గ్రాఫు మీద గుట్టలా లేస్తుంది, ఆ స్ఫటికాలు వెళ్లిపోగా మిగిలిన ద్రవం గ్రానైటైతే అక్కడ లోయ పడుతుంది. గాబ్రో-అనార్థొసైట్ (దాదాపు అంతా ప్లాజియోక్లేజే ఉన్న శిల) తరహా శిలల్లో చూడాల్సిన గుర్తు ఇదే. ఇలా స్ఫటికాలు పోగుపడ్డ రాతి రసాయనం అసలు ద్రవానిది కాదు కూడా. గెలాక్సీ రాతి అంకెలను తీసుకెళ్లి లావాల కోసం గీసిన గ్రాఫులో చుక్క పెట్టి "ఇది ఫలానా చోట పుట్టింది" అని తేల్చేయడం తప్పు. విద్యార్థుల రిపోర్టుల్లో ఇది తరచూ కనిపిస్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కనిగిరి గ్రానైట్ లాంటి వాటిలో నియోబియం, జిర్కోనియం, ఇట్రియం, ఫ్లోరిన్ ఎక్కువగా ఉంటాయి. పలకలు ఢీకొనే ఒత్తిడి తగ్గాక, ఖండం సాగుతున్న దశలో పుట్టే గ్రానైట్ల లక్షణం అది.

6. ఏ ప్రశ్నకు ఏ పద్ధతి

రేడియోధార్మిక మూలకం తరుగుతూ మరో మూలకంగా మారుతుంది: యురేనియం సీసంగా, రుబీడియం స్ట్రాన్షియంగా, సమేరియం నియోడిమియంగా, పొటాషియంలో కొంత ఆర్గాన్‌గా. అది సగానికి సగం తరగడానికి పట్టే కాలమే అర్ధాయువు. యురేనియం-238కి 446.8 కోట్ల సంవత్సరాలు, యురేనియం-235కి 70.4 కోట్లు, పొటాషియం-40కి 125 కోట్లు, రుబీడియం-87కి 4,960 కోట్లు, సమేరియం-147కి 10,600 కోట్లు, కార్బన్-14కి 5,730 సంవత్సరాలు.

గ్రానైట్ పుట్టుకకు జిర్కాన్‌లో యురేనియం-సీసం. జిర్కాన్ పెరిగేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. 900 డిగ్రీల వేడిలోనూ సీసాన్ని సులభంగా వదలదు. గాబ్రోలో జిర్కాన్ అరుదు. బాడెలైట్ అనే ఖనిజం దొరికితే అదృష్టం. దొరక్కపోతే ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్, మొత్తం రాయి మూడింటినీ కలిపి సమేరియం-నియోడిమియం పద్ధతి.

గూడూరు, సైదాపురం, రాపూరు అభ్రకానికి రుబీడియం-స్ట్రాన్షియం, లేదా ఆర్గాన్ పద్ధతి. తెల్ల అభ్రకం సుమారు 400 డిగ్రీల కిందికి, బయొటైట్ సుమారు 300 కిందికి చల్లారాకే ఆర్గాన్‌ను పట్టి ఉంచుతాయి. కాబట్టి ఆర్గాన్ వయసు చల్లారిన నాటి వయసు. నెల్లూరు పెగ్మటైట్ల అభ్రకం వయసు 160 కోట్ల సంవత్సరాల చుట్టూ వస్తుంది. పెగ్మటైట్‌లోని జిర్కాన్‌తో తొందరపడొద్దు. యురేనియం ఎక్కువై దాని స్ఫటిక నిర్మాణమే దెబ్బతిని ఉంటుంది, సీసం కారిపోతుంది. కొలంబైట్-టాంటలైట్ (నియోబియం, టాంటలం ఉన్న ఖనిజం) దొరికితే అది మేలు.

షిస్టు ఎప్పుడు రూపుమారిందో తెలియాలంటే మోనజైట్ అనే ఖనిజాన్ని కొలవాలి. మార్కాపురం పలకరాయి, క్వార్ట్‌జైట్‌ల విషయం వేరు. వాటిలోని జిర్కాన్లు ఎక్కడి కొండలనుంచో కొట్టుకొచ్చినవి. అన్నిటికంటే తక్కువ వయసున్న జిర్కాన్ చెప్పేది ఒకటే: ఆ బురద, ఇసుక పేరుకున్నది దానికంటే తరవాతే. ఎంత తరవాత అన్నది అది చెప్పదు.

పులికాట్ ఒడ్డు గవ్వలకు కార్బన్-14 చాలు. సుమారు 50 వేల ఏళ్లు దాటితే అది పనిచేయదు. సముద్రపు నీటిలో పాత కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి గవ్వలకు సవరణ చేయాలి.

7. జిర్కాన్‌ను పట్టుకోవడం

రాయిని ఇసుక పరిమాణానికి దంచి, జల్లించి, నీటి బల్ల మీద బరువైన గింజలను వేరుచేస్తారు. అయస్కాంతంతో ఇనుప ఖనిజాలు తీసేస్తారు, బరువైన ద్రవంలో ముంచి జిర్కాన్ మునిగేలా, పలుగురాయి తేలేలా చేస్తారు. కిలోల కొద్దీ రాతిలోంచి చివరికి మిగిలేది చెంచా అడుగుకు కూడా చాలదు. అందులోంచి సూది మొనతో, మైక్రోస్కోపు కింద ఒక్కో గింజ ఏరాలి. అందమైనవే ఏరితే కథలో సగం పోతుంది. గుండ్రటివి, రంగు మారినవి కూడా ఉంచండి.

వాటిని ఎపాక్సీలో దించి సగం వరకు అరగదీసి నునుపు చేస్తారు. అప్పుడు ఎలక్ట్రాన్ కిరణం కింద కాథోడోల్యుమినిసెన్స్ చిత్రం తీయాలి. అన్ని దశల్లోనూ నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. మామూలు వెలుతుర్లో పారదర్శకంగా, ఏమీ లేనట్టుండే గింజలో సన్నటి వెలుగు చీకటి పట్టీలు ఒకదాని చుట్టూ ఒకటి కనిపిస్తాయి. అవి కరిగిన ద్రవంలో పెరిగిన పొరలు. నడిమధ్యన అరిగిపోయిన అంచులతో వేరే గింజ ఉండొచ్చు. అది ఇంకా పాత రాతినుంచి కరగకుండా మిగిలినది. బయట పట్టీలు లేని మసక అంచు ఉంటే అది తరవాతి వేడిలో పెరిగిందన్నమాట. లేజర్ వేసే గుంట 25 నుంచి 40 మైక్రాన్లు. అది రెండు పొరల మీద పడితే వచ్చే వయసు ఏ సంఘటనదీ కాదు, రెండింటి సగటు. చిత్రం లేకుండా లేజర్ వేయొద్దు. అంచులో థోరియం, యురేనియం నిష్పత్తి 0.1 కంటే తక్కువుంటే అది రూపాంతరంలో పెరిగిందనడానికి ఒక ఆధారం.

ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో జాతీయ జియోక్రోనాలజీ కేంద్రం ఉంది. విశ్వవిద్యాలయాల విద్యార్థులు గైడ్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు.

8. లెక్క మీరే వేయండి

సాఫ్ట్‌వేర్ ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. వయసు కావాలంటే, కొత్తగా పుట్టిన మూలకానికీ ఇంకా మిగిలిన అసలు మూలకానికీ ఉన్న నిష్పత్తికి 1 కలిపి, దాని సహజ లాగరిథమ్‌ను క్షయ స్థిరాంకంతో (ఆ మూలకం ఏడాదికి ఎన్నో వంతు తరుగుతుందో చెప్పే అంకెతో) భాగించాలి. లెక్క కోసం ఒక గింజలో సీసం-206, యురేనియం-238 నిష్పత్తి 0.28 అనుకుందాం. 1.28 లాగరిథమ్ 0.2469. దాన్ని 1.55125 × 10⁻¹⁰తో భాగిస్తే 159.1 కోట్లు. అదే గింజలో సీసం-207, యురేనియం-235 నిష్పత్తి 3.79 అయితే, 4.79 లాగరిథమ్ 1.5665. దాన్ని 9.8485 × 10⁻¹⁰తో భాగిస్తే మళ్లీ 159.1 కోట్లే. రెండు స్వతంత్ర లెక్కలు ఒకే మాట చెప్పాయి కాబట్టి నమ్మొచ్చు. నిష్పత్తులు 0.24, 3.2 అయితే? మొదటిది 138.7 కోట్లు, రెండోది 145.7 కోట్లు అంటుంది. ఈ గింజ సీసం పోగొట్టుకుంది. ఈ రెండు వయసుల్లో ఏదీ అసలుది కాదు.

రుబీడియం-స్ట్రాన్షియం పద్ధతిలో అనేక నమూనాల చుక్కలు ఒక సరళరేఖ మీద పడాలి, రేఖ వాలు వయసునిస్తుంది. ఇక్కడ పాత పరిశోధనలు చదివేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 1977 తరవాత చాలాకాలం రుబీడియం క్షయ స్థిరాంకం 1.42 × 10⁻¹¹గా వాడారు. 2015లో దాన్ని 1.3972 × 10⁻¹¹కి మార్చాలని సిఫారసు చేశారు. వాలు 0.0226 అయితే పాత స్థిరాంకంతో 157.4 కోట్లు, కొత్తదానితో 160 కోట్లు. రెండున్నర కోట్ల తేడా రాతిలో లేదు, లెక్కలో ఉంది. రెండు వ్యాసాల వయసులు పోల్చేముందు ఎవరు ఏ స్థిరాంకం వాడారో చూడండి.

9. అన్నీ కలిపి చదవడం

ఇప్పుడు ఆ వయసుల పక్కన రసాయనం పెట్టండి. సుమారు 185 కోట్ల ఏళ్ల కిందట కండ్ర శిలలు. 160 కోట్ల దగ్గర వినుకొండ గ్రానైట్, నెల్లూరు పెగ్మటైట్లు, ఒంగోలు వైపు శిలలను మరిగించిన తీవ్రమైన వేడి. ఇన్ని చోట్ల ఒకే కాలం పలకడం చూస్తే ఈ ప్రాంతమంతటా ఒక పెద్ద కదలిక జరిగిందని అర్థం. ఆ తరవాత 130 కోట్ల అటూ ఇటూ ఆల్కలీ శిలలు, సుమారు 128 కోట్ల దగ్గర కనిగిరి గ్రానైట్.

ఈ చివరి దశ దగ్గర ఇంకా వాదం నడుస్తోంది. ఆల్కలీ శిలల రసాయనం ఖండం చీలుతున్న పరిస్థితిని చూపిస్తుంది. కనిగిరి దగ్గరే సుమారు 133 కోట్ల ఏళ్ల నాటి సముద్రగర్భపు తునకలున్నాయని, అంటే అక్కడ ఒక సముద్రం మూసుకుపోయిందని మరికొందరు పరిశోధకులు రాశారు. వయసులు దాదాపు ఒకటే, అర్థాలు మాత్రం ఎదురెదురు. ఇంకా వయసులు కొలిచినంత మాత్రాన ఇది తేలదని నా అభిప్రాయం. ఆ తునకలకూ గ్రానైట్‌కూ మధ్య సరిహద్దులను కొండ మీద మళ్లీ నడిచి గీయాలి, కదలని మూలకాలతో, నియోడిమియంతో వాటి మూలం పరీక్షించాలి. మన జిల్లా విద్యార్థులు చేయదగ్గ పని ఇది. కనిగిరి బస్సెక్కితే చేరుకునే దూరంలోనే ఉంది.

10. రాసిపెట్టడం

"159 కోట్లు" అని వదిలేయకండి. ఏ ఖనిజం, ఏ పద్ధతి, ఎన్ని గింజల్లో ఎన్ని లెక్కలోకి తీసుకున్నారు, ఎన్ని ఎందుకు వదిలేశారు, హెచ్చుతగ్గు ఎంత, ఏ స్థిరాంకం, ఏ ప్రామాణిక జిర్కాన్ వాడారు, నమూనా అక్షాంశ రేఖాంశాలు ఏవి అన్నవి పట్టికలో ఇవ్వండి. వదిలేసిన గింజల అంకెలు కూడా ఇవ్వాలి. మిగిలిన పొడిని, దాచిన సగం రాతిని, జిర్కాన్ దిమ్మెను నంబరు, ఊరి పేరు, తేదీ రాసి మీ కళాశాల భూగర్భ శాఖకు అప్పగించి, రిజిస్టర్‌లో ఎక్కించి రసీదు తీసుకోండి.